ఉపగ్రహ పటంలో నగర వాయు కాలుష్యం

నగరాలలో గాలి కాలుష్యాన్ని కొలవడానికి అక్కడక్కడ కొలత కేంద్రాలు ఏర్పాటు చేస్తారు. ఒక కేంద్రం తన చుట్టూ ఉన్న గాలినే కొలుస్తుంది. మరి కేంద్రం లేని పేటలో గాలి శుభ్రంగా ఉందని అనుకోవచ్చా? అనుకోరాదు. అక్కడ కొలత జరగలేదు, అంతే. ఈ లోటును కొంతవరకు తీర్చేది సుదూర సంవేదనం, అంటే రిమోట్ సెన్సింగ్.

ఉపగ్రహం ఎలా కొలుస్తుంది?

సూర్యకాంతి గాలి గుండా నేలను చేరి, పరావర్తనం చెంది, మళ్లీ గాలి గుండానే ఉపగ్రహాన్ని చేరుతుంది. వాహనాలు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు విడిచే నైట్రోజన్ డయాక్సైడ్ ఈ దారిలో ఊదా, నీలి కాంతిని కొంత శోషిస్తుంది. తగ్గిన కాంతిని బట్టి ఆ వాయువు ఎంత ఉందో లెక్కకడతారు. ఈ వాయువు పగటివేళ గాలిలో కొన్ని గంటలే నిలుస్తుంది. అందుచేత అది పుట్టిన చోటు దగ్గరే ఎక్కువగా కనిపిస్తుంది.

ఐరోపా అంతరిక్ష సంస్థ 2017 అక్టోబరు 13న ప్రయోగించిన సెంటినెల్-5పి ఉపగ్రహంలోని ట్రోపోమి పరికరం ఇలాగే పనిచేస్తుంది. 2019 ఆగస్టు నుండి దాని కొలతలో ఒక్కొక్క గడి సుమారు 5.5 కి.మీ. పొడవు, 3.5 కి.మీ. వెడల్పు గల ప్రాంతాన్ని సూచిస్తుంది.

ఉదాహరణ: ఢిల్లీ

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై, రోడ్లపై వాహనాలు తగ్గాయి. ఆ తరువాతి వారాల పటాలను అంతకుముందు ఏడాది పటాలతో పోల్చినప్పుడు, ఢిల్లీపై నైట్రోజన్ డయాక్సైడ్ బాగా తగ్గినట్లు కనిపించింది.

పటాన్ని చదివేటప్పుడు జాగ్రత్త

బిందెడు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, గ్లాసు నీళ్లలో ఒక చెంచా ఉప్పు కలపండి. ఉప్పు సమానమే, రుచి సమానం కాదు. ఉపగ్రహం నేల నుండి పైవరకు ఉన్న మొత్తాన్ని లెక్కిస్తుంది. మనం పీల్చేది నేల దగ్గరి గాలిని. శీతాకాలంలో ఢిల్లీలో కలుషితాలు నేలకు దగ్గరగా ఉండే తక్కువ ఎత్తు పొరలో చిక్కుకుంటాయి. అప్పుడు మొత్తం పెరగకపోయినా పీల్చే గాలి మరింత చెడుతుంది.

మేఘాలు కమ్మినప్పుడు కొలత సరిగా రాదు. పైగా ఈ ఉపగ్రహం పగలు ఒంటిగంటన్నర ప్రాంతంలో దాటుతుంది. ఉదయం, సాయంత్రం వాహనాల రద్దీ దానికి కనబడదు. కనుక పటాన్ని నేలమీది కొలతలతో సరిచూడాలి. అలా సరిచూసిన పటం, కొత్త కొలత కేంద్రం ఏ ప్రాంతంలో అవసరమో చూపగలదు.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. నైట్రోజన్ డయాక్సైడ్ పుట్టిన చోటు దగ్గరే ఎక్కువగా కనిపించడానికి కారణమేమి?
2. రెండు రోజులు ఉపగ్రహ కొలత ఒకటే అయినా, పీల్చే గాలి వేరుగా ఉండవచ్చు. ఎందుకు?
3. మీకు దగ్గరలోని కొలత కేంద్రం ఎక్కడ ఉందో తెలుసుకోండి. దాని కొలత మీ పేటకు వర్తిస్తుందా? కారణం రాయండి.