పది పాటలు అడిగినవు గదా

శక్కర్‌నగర్, బోధన్.

బిడ్డా,

మొన్న ఫోన్‌ల అడిగినవు గదా, "తాతా, మా పాటల దోస్తులకు చెప్పెటందుకు నీకు నచ్చినవి పది రాసి పంపు, ఒక్కోటి ఒక్కో రకంది ఉండాలె" అని. రాసిన, కొట్టేసిన, మళ్ల రాసిన. చూస్తే కిరాణం చిట్టీ లెక్క కనబడ్డది. నాకు ఏ పాటా చిట్టీల రాలేదు. ఎవరో ఒక మనిషి తెచ్చి చేతుల పెట్టిండు. అందుకే పది పంపుతలేను. కొన్నే చెప్త, అవి నాదాక ఎట్లొచ్చినయో గూడ చెప్త.

నువ్వు పుట్టేటాలకు ఇక్కడి సందడి తగ్గిపోయింది. 1937ల పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీల పనికి ఎక్కడెక్కడి జనమో దిగిండ్రు. క్వార్టర్లల్ల ఒక ఇంట్ల ఉర్దూ, పక్కింట్ల మరాఠీ. నిజాంసాగర్ నీళ్లను చూసి కృష్ణా, గుంటూరు దిక్కు నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్నోళ్ల తెలుగు ఇంకో తీరు. పొద్దుమీకి గల్లీల నడిస్తే గడపకో పాట. 'రకం' అనే మాట అప్పుడు నాకు తెల్వదు. ఫలానోళ్లింటి పాట అనుకునేటోన్ని, అంతే.

నా పని కాంటా దగ్గర. క్రషింగ్ సీజన్‌ల రాత్రి షిఫ్టు పడితే చెరుకు బండ్లు బారులు కట్టి ఉండేటియి. నాతోని ఒక ఫిట్టర్ భాయ్ ఉండెటోడు. చాయ్ టైంకు చిన్న టేప్ రికార్డర్‌ల 'బాజార్' సినిమా క్యాసెట్ పెట్టేటోడు. 1982 సినిమా, ఖయ్యాం సంగీతం. దాంట్ల లతా, తలత్ అజీజ్ కలిసి పాడిన పూల గజల్ ఒకటుంది. నాకు సగం మాటలు అర్థం కాలే. అడిగితే చెప్పలే. "పెహలే సునో" అన్నడు. నాలుగు రాత్రులు విన్నంక ఒక్క మాటకు అర్థం చెప్పిండు. ఆ ఒక్క మాటతోని మిగిలినవన్ని వాటంతటవే విచ్చుకున్నయి. రాసినాయన మఖ్దూం మొహియుద్దీన్ అనీ, మన మెతుకుసీమ అందోల్ మనిషి అనీ తర్వాత తెలిసింది. కార్మిక సంఘాలు కట్టి జైళ్లకు పోయిన మనిషి. సినిమా వచ్చేటాలకు ఆయన పోయి పదమూడేండ్లు. సమ్మెలు నడిపిన చెయ్యి పూల మీద అంత మెత్తగ రాసింది! నీ దోస్తులకు ఇది చెప్పేటప్పుడు ముందుగాల్నే అర్థాలు చెప్పకు బిడ్డా. భాయ్ చేసినట్టు చెయ్యి.

ఇంకోటి ఇంగ్లీషుది. నవ్వకు. మీ నాయన కంప్యూటర్ కొన్న కొత్తల హ్యారీ బెలాఫాంటే పాట పెట్టిండు, 1956ల వచ్చిన 'కెలిప్సో' రికార్డులది. ఏం పాటరా అంటే, జమైకా రేవుల రాత్రంత అరటిగెలలు ఓడకెక్కించిన కూలీలు తెల్లారంగ లెక్క రాసేటాయన్ను పిలుస్తున్నరు, లెక్క చూస్తే ఇండ్లకు పోతమని. నాకు ఒళ్లు ఝల్లుమన్నది. వాళ్లు పిలిచేది నన్నే! బండి మీద గొంగడి కప్పుకొని పండిన రైతు పొద్దుపొడువంగ లేచి, "సారూ, మా తూకం జెర చూడుండ్రి" అనేటోడు. ఎన్ని పొద్దులు ఆ మాట విన్ననో. మీరు దాన్ని పార్టీలల్ల పెట్టుకొని ఎగురుతరట. ఎగురుండ్రి, అది ఎగిరేటట్టే ఉంటది. కని మీ దాంట్ల రాత్రి డ్యూటీ చేసేటోళ్లు ఎవరన్న ఉంటే మొదలు వాళ్లకు పంపు.

నేను చేసిన తప్పు గూడ రాస్త. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ మూతబడ్డంక నా జతగాడొకడు ఇంట్లకెళ్లి బయటికి వస్తలేడు. ధైర్యం రావాలని పోరాటం పాటల క్యాసెట్ పట్టుకపోయి పెట్టిన. సగంల లేచి బందు చేసిండు. రెండు నెలలు నాతో మాట్లాడలే. ధర్నా టెంటు కింద పొద్దంత అవే వింటుండెనట. నాకు నచ్చింది ఇచ్చిన గని, వానికేం కావాల్నో చూడలే. తర్వాత వాడే అడిగిండు, 'ఇద్దరు మిత్రులు' ఉన్నదా అని. 1961 సినిమా, రాజేశ్వరరావు సంగీతం. దాంట్ల ఘంటసాల, సుశీల పాడిన దాశరథి పాట 'ఖుషీ' అనే ఉర్దూ మాటతోనే మొదలైతది. నిజామాబాద్ ఖిల్లా జైలు గోడ మీద బొగ్గుతోని నిజాం మీద పద్యం రాసినాయనే దాశరథి. గాలిబ్‌ను తెలుగు చేసిందీ ఆయనే. ఇద్దరం గడప మీద కూసోని విన్నం. వాడు కాలు ఊపిండు. నాకదే చాలయ్యింది.

శాస్త్రీయం గురించి నన్ను అడగకపోతే మంచిది. పెద్ద ఆలాపన మొదలైతే నాకు నిద్రొస్తది. బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు మాత్రం వేరే. ఖిల్లా రామాలయం మెట్లెక్కుకుంట వింటే ఇంకా బాగుంటయి. పక్కింటి మరాఠీ అత్త పొద్దున పెట్టే భీమ్‌సేన్ జోషీ అభంగాలకైతే భాష గూడ అక్కర్లే. ఆయన పుట్టింది కన్నడ దేశంలనే గదా.

మీ కాలం పాట ఒకటి లేకుంటే నువ్వు ఊకోవు. 'ఫిదా' (2017) పాటలు నాకిష్టం, మన బాన్సువాడ కథ గదా. దాంట్ల మధుప్రియ పాడిన పెండ్లి పాట రాసింది సుద్దాల అశోక్ తేజ. ఆయన నాయన హనుమంతు రాసిన పశులకాసే పిల్లగాని పాట 'మాభూమి' సినిమాల ఉంది. జానపదం పాతగైంది అనేటోళ్లుంటే ఈ రెండూ ఒకదెంబడి ఒకటి పెట్టు. ముందు కొడుకుది, తర్వాత తండ్రిది. తిర్లమర్ల పెడితే మొదటి దానికే ఏడ్చి, రెండోది వినరు.

నా టేప్ రికార్డర్ బెల్టు సాగింది, లతా గొంతు మొగోని గొంతు లెక్క వస్తున్నది. నిజామాబాద్‌ల రెండు దుకాణాలు తిరిగిన, లేదన్నరు. అక్కడ దొరికితే సంక్రాంతికి వచ్చేటప్పుడు తేవాలె. పాతది ఈ కవర్ల పెట్టిన, కొలత చూసుకో.

మీ తాత