పొరుగున ఎవరిని ఉండనిచ్చెదము?

పాఠ్యభాగము: 2 సమూయేలు 9వ అధ్యాయము



మన గ్రామములనుండి అనేకులైన యౌవనులు కంప్యూటరు విద్య నేర్చుకొనుటకు హైదరాబాదులోని అమీర్‌పేటకు పోవుచున్నారు. అక్కడ సందు సందునను హాస్టళ్లు గలవు. ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు కలిసి ఉందురు. అక్కడను, ప్రక్కనున్న పంజగుట్టలోను అపార్టుమెంట్లు అనేకము. వాటిలో ఇండ్లు కొన్నవారు కలిసి సంఘముగా ఏర్పడుదురు. నీళ్లు, లిఫ్టు, వాచ్‌మన్ జీతము, నెలవారీ మెయింటెనెన్సు, ఇవి ఆ సంఘము చూచుకొనవలసిన పనులు.

ఇప్పుడొక ప్రశ్న. నలుగురు వికలాంగులు, వారికి తోడుగా ఒక సహాయకుడు కలిసి ఆ అపార్టుమెంటులో ఒక ఇల్లు అద్దెకు తీసికొనగోరిన యెడల, వారిని వద్దనుట ఆ సంఘమునకు తగునా?

1. మెఫీబోషెతుకు దొరికినది

ఇతడు అయిదేండ్ల ప్రాయమున దాది చేతిలోనుండి పడి కుంటివాడాయెను. లోదెబారులో మాకీరు ఇంట తలదాచుకొనుచుండెను. దావీదు అక్కడికే కొంత ధాన్యము పంపి ఊరకుండవచ్చును. అట్లు చేయలేదు. మూడు సంగతులు చేసెను. అతని తాత భూమిని తిరిగి యిచ్చెను. దానిని సేద్యము చేయుటకు సీబాను, అతని కుమారులను, దాసులను నియమించెను. యెరూషలేములో తన బల్లయొద్ద చోటిచ్చెను. అధ్యాయము ముగియునప్పటికి అతని కాళ్లు బాగుపడలేదు. అయినను అతనికి ఆధారము, సహాయము, మనుష్యుల నడుమ స్థలము దొరికెను. వికలాంగుల గృహమునకు కావలసినవి ఈ మూడే.

2. చట్టము చెప్పునది

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము, 5వ సెక్షనులో, వికలాంగులకు సమాజము మధ్య నివసించు హక్కు కలదనియు, ఫలానిచోటనే ఉండవలెనని వారిని నిర్బంధింపరాదనియు చెప్పుచున్నది. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య చట్టము ఇంకొక మాట చెప్పుచున్నది. కుటుంబము చేర్చుకొనలేదనియో, ఇల్లు లేదనియో ఒకని ఆస్పత్రిలోనే ఉంచివేయరాదు. అమీర్‌పేటనుండి మెట్రో రైలులో మూడవ స్టేషను ఎర్రగడ్డ. మానసిక వైద్యశాల అక్కడనే యున్నది. స్వస్థపడినవాడు అక్కడనుండి బయలుదేరినను, ఉండుటకు ఇల్లు దొరకనిచో ఆ హక్కు కాగితము మీదనే నిలిచిపోవును గదా!

3. పొరుగువారి భయము

అల్లరి కలుగునేమో, పిల్లలకు కీడు జరుగునేమో, ఇంటి ధర తగ్గునేమో అని జనులు భయపడుదురు. ఈ భయము దూరదేశములలోను ఉన్నది. అమెరికాలో, మన తెలుగువారనేకులు కాపురమున్న టెక్సాసు రాష్ట్రమున, క్లీబర్న్ అను పట్టణములో బుద్ధిమాంద్యము గల 13 మందికి ఒక గృహము పెట్టదలచిరి. పట్టణపు అధికారులు ప్రత్యేకమైన అనుమతి కావలెననిరి. తరువాత దానిని నిరాకరించిరి. అపార్టుమెంట్లకును విద్యార్థుల వసతి గృహములకును అట్టి అనుమతి అక్కరలేదు. 1985లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ భేదము న్యాయము కాదని తీర్పు చెప్పెను. 1988లో అక్కడి గృహవసతి చట్టము వికలాంగులకును రక్షణ కల్పించెను.

భయపడువానిని మనము ఎగతాళి చేయనక్కరలేదు. వికలాంగుల గృహమును నడుపు సంస్థ 2016 చట్టము ప్రకారము రిజిస్ట్రేషను పత్రము పొందవలెను. దానిని చూపుమని అడుగుట తప్పు కాదు. రాత్రి తోడుగా ఎవరుందురని అడుగుటయు తప్పు కాదు. వారి ముఖము చూడకమునుపే తలుపు వేయుటయే తప్పు.

4. మన సంగతి

బిడ్డ వికలాంగుడైన తల్లిదండ్రులు మన సంఘములలో లేరా? మేము పోయిన తరువాత వీనిని ఎవరు చూచెదరని వారు రాత్రులు నిద్రపోరు. వారికి దూరముననున్న ఆశ్రమము పేరు చెప్పి ఊరకుండుట సులభము. మన వీధిలో ఇల్లు చూపుట కష్టము. అమీర్‌పేటలో మీ కుమారునికి ముక్కుమొగము తెలియనివారు చోటిచ్చిరి. అట్టి చోటునే వీరును అడుగుచున్నారు.

ఆలోచించుడి:

1. మన ఊరిలో వికలాంగులెందరు? వారి పేర్లు మనకు తెలియునా?

2. మన గుడి మెట్లు ఎక్కలేనివారికి ఏ దారి చేసితిమి?

3. పట్టణములోనున్న మన పిల్లలు తమ అపార్టుమెంటు సంఘపు కూటమిలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఏ పక్షమున చెయ్యి ఎత్తవలెను? ఈ నెల ఉత్తరములోనో ఫోనులోనో వారితో మాటలాడుడి.