పాచిక పడకముందే అంకె చెప్పు

వేసవి సెలవుల్లో కళింగపట్నం వచ్చే మనవలూ, మా వీధి గుంటలూ కలిసి అరుగు మీద ఆడే కథల ఆటని నడిపేది నేనే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ దీనికి మూలం. వాళ్ల డ్రాగన్లు మాకెందుకు? మా కథలో కళింగ నావికులు వంశధార మొగ దాటి సంద్రంలోకి పోతారు, శాలిహుండం కొండ మీద భిక్షువుల దగ్గర తలదాచుకుంటారు. ఎవరైనా ఏదైనా పని చేస్తానంటే ఆట నడిపేవాళ్లు ఒక అంకె చెబుతారు; పాచిక మీద పడినదానికి నేర్పు కలిపితే ఆ అంకె అందాలి, లేకపోతే ఓడినట్టే. ఇకమీదట ఆట నడపబోయే పెద్ద మనవరాలికి ఈ నాలుగు ముక్కలు.

1. పనిని చూసి అంకె పెట్టమ్మా, చేసేవాడి మొహం చూసి కాదు. మొగ దగ్గర ఇసుక మేట మీద విరిగే కెరటానికి తెప్ప మీద ఉన్నది ఎవరో తెలీదు. గాలి లేని పొద్దున్న దాటడం 10. గాలి ముదిరాక 15. తుఫాను వాసన తగిలాక 20. బాగా ఆడేవాడికి అంకె పెంచేస్తే వాడు నేర్చుకుని ఏం లాభం?

2. ఆ అమెరికా ఆట పుస్తకంలో అంకెలు 5 నుంచి 30 దాకా ఉన్నా, నీకు 10, 15, 20 చాలు. వాటి బరువు మాత్రం తెలియాలి. ఇరవై ముఖాల పాచికతో, కలుపుకోడానికి ఏమీ లేనివాడు 15 అందుకునే అవకాశం నూటికి 30. నేర్పు కింద 5 కలుపుకునేవాడికి 55. అదే 20 అయితే మొదటివాడికి 5, రెండోవాడికి 30. అందరూ 'మధ్యరకం' అనుకునే 15 కొత్తవాడికి మధ్యరకమేం కాదు.

3. పాచిక చేతిలో ఉండగానే అంకె బయటికి చెప్పేయి. మన అవధానాల్లో నిషిద్ధాక్షరి చూడు. పృచ్ఛకుడు అక్కడికక్కడే కష్టం పెంచుతాడు, ఈ అక్షరం వాడకూడదంటాడు. అయితే ఆ మాట అవధాని నోరు విప్పకముందే రావాలి. పలికాక "అదీ కుదరదు" అంటే సభ ఊరుకుంటుందా? హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) అష్టావధానాలూ చేసిన విజయనగరం ఇక్కడికి దూరమేం కాదు, ఈ మర్యాద మనకి కొత్తా కాదు. 14 పడ్డాక 15 కావాలన్నావనుకో, నిజమే చెప్పినా పిల్లలు నమ్మరు.

4. ఒక్క పనికి ఒక్కసారే వేయించు. తెప్ప తోయడానికొకటి, తెడ్డుకొకటి, చుక్కానికొకటి అని మూడుసార్లు వేయించి మూడూ గెలవాలంటే, నూటికి 55 ఉన్నవాడి అవకాశం 17కి పడిపోతుంది. నువ్వు పెట్టింది 15, వాడి నెత్తిన పడింది 20 కంటే ఎక్కువ! తిరగేసి చూడు: "నేనూ వెతుకుతా" అంటూ అయిదుగురు ఎగబడితే, ఒక్కొక్కరికి 30 చొప్పునే ఉన్నా ఎవరో ఒకరికి దొరికే అవకాశం 83. అందుకే ఒకణ్ణి ముందు పెట్టి, మిగతావాళ్లని సాయం చెయ్యమను.

5. ఓడితే ఏమవుతుందో నీకే తోచకపోతే పాచిక తీయకు. పని అయిపోయిందని చెప్పి కథ నడిపించు.

6. అంకె తోచకపోతే 15 అనేసి సాగిపో. పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే గుంటలు ముంజెలకి పోతారు.

7. అంకె తగ్గించాల్సిన వేళ ఒకటుంది. మొన్నీమధ్య మొగ దాటడానికి 15 చెప్పాను. వేటకెళ్లే ఇంటి కుర్రాడొకడు పాచిక కింద పెట్టేసి, "పెద్ద కెరటాలు వరసగా వచ్చి ఆగుతాయి కదా తాతా, ఆ సందు దాకా ఆగుతాను" అన్నాడు. పని మారింది, 10 చేశాను. పక్కనున్న మా మనవడు వెంటనే "అయితే నేనూ ఆగుతాను" అన్నాడు. వాడికీ 10.