సంతకం పెట్టమంటున్న అన్నయ్యలు

ప్రశ్న: మాది కోకాపేట దగ్గరి పల్లె. నాన్న పోయారు. తాతల నాటి ఎకరాన్ని అన్నయ్యలు అమ్మకానికి పెట్టారు. ‘కట్నమిచ్చి పెళ్లి చేశాం, హైటెక్‌ సిటీలో ఉద్యోగం, నీకేం లోటమ్మా? హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టు’ అంటున్నారు. కాదంటే పుట్టిల్లు దూరమవుతుందేమో!
– ఓ సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగిని, మణికొండ

జవాబు: 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. ఉన్నదాంతో తృప్తి పడమనే మాట అన్నయ్యలకు ఎవరూ చెప్పరెందుకో! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ 1986లోనే పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ ఆ హక్కు వచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక కట్నమంటారా, అది వాటాకు బదులు కాదు; 1961 చట్టం ప్రకారం ఇవ్వడమే నేరం. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం జరిగినా, భూమి నాన్నగారి స్వార్జితమై వీలునామా రాసినా లెక్క వేరు. ముందు పాత పహాణీలు తీయించి న్యాయవాదికి చూపించండి. అప్పటిదాకా దేనిమీదా సంతకం వద్దు. రిజిస్టరైన విడుదల పత్రాన్ని రద్దు చేయించడం చాలా కష్టం. అన్నయ్యలకు ఇవ్వాలనిపిస్తే, వాటా మీ చేతికొచ్చాక మీ ఇష్టంతో ఇవ్వొచ్చు.