పాల వ్యాను డిఫరెన్షియల్ మార్పిడి: మన ఆవరణలో ఎంతవరకు చేయవచ్చు?

పాలు పోయించుకున్న తరువాత వ్యాను కదలకపోతే క్యాన్లలోని పాలు మనకోసం ఆగవు. అందుచేత సొంత వ్యాను గల సంఘాలవారును, పాల రూటుకు బండి పెట్టిన సభ్యులును ఈ విషయము కొంత తెలిసియుండుట మంచిది.

శబ్దము రాగానే డిఫరెన్షియల్ పోయినదని తీర్మానము వ్రాయరాదు. బండి కదిలే క్షణంలో టక్కుమంటే ముందుగా ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు చూడవలెను. మలుపులలో మాత్రమే శబ్దము వస్తే లోపలి స్టార్ పినియన్లను అనుమానించవలెను. యాక్సిలరేటరు తొక్కినప్పుడొక తీరు, వదిలినప్పుడొక తీరు మోత వస్తే క్రౌన్, పినియన్ లేదా వాటి బేరింగులు. ఆయిల్ దింపి చూడండి. సన్నని ఇనుప పొడి సహజమే. పంటి ముక్కలు కనిపిస్తే బండి తిప్పరాదు. క్రాసుతో పోయే పనికి డిఫరెన్షియల్ బిల్లు చెల్లించిన సంఘాన్ని నేను తనిఖీలో చూచితిని.

ముందువైపు నుండి గుండు మొత్తము ఊడివచ్చే రకమైతే, సెట్టింగు చేసియున్న గుండును మన ఆవరణలోనే బిగించవచ్చును. వెనుక మూత ఉండి, పినియన్ హౌసింగులోనే కూర్చునే రకమైతే వర్క్‌షాపుకే పంపవలెను. క్రౌన్, పినియన్ జతగా తయారైనవి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపరాదు. వాటి మధ్య సందును డయల్ గేజితో కొలిచి సరిచేయవలెనే గాని చేతి అంచనా పనికిరాదు.

కొనేముందు పళ్ళు లెక్కపెట్టించండి. క్రౌనుకు 41, పినియనుకు 9 ఉంటే నిష్పత్తి 4.56. పాతదానికి, కొత్తదానికి ఇది ఒక్కటే కావలెను.

క్యాన్లు దింపి, బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కదిమ్మలు పెట్టవలెను. యాక్సిల్ షాఫ్టులు లాగిన తరువాత గేరు బండిని ఆపదు. హ్యాండ్‌బ్రేకు గేరుబాక్సు వెనుక ఉండే బండ్లలో అదీ ఆపదు. ప్రాణాపాయము ఇక్కడే. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రిందికి దూరరాదు, ఇటుకలు అసలే వద్దు, స్టాండ్లు ఉండవలెను. గుండు బరువైనది, దింపుటకు ట్రాలీ జాకీ, ఇద్దరు మనుష్యులు కావలెను. షాఫ్టు విప్పేముందు రెండు ఫ్లాంజిలపై గుర్తు గీయండి.

హౌసింగును డీజిలుతో కడిగి తుడిచి, కొత్త గాస్కెట్ వేసి, నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించవలెను. యాక్సిల్ ఆయిల్ సీళ్ళు కూడా మార్చండి. అవి కారితే ఆయిల్ బ్రేకు లైనింగుకు చేరును. బండి పుస్తకములో చెప్పిన గేరు ఆయిల్‌నే లెవెల్ ప్లగ్గు వరకు పోసి, బ్రీదరు మూసుకుపోలేదని చూడవలెను.

సాయంత్రము మొదలుపెట్టి తెల్లవారేసరికి ముగిద్దామనే లెక్క నాకు నచ్చదు. ఉదయపు పాలకు వేరే బండి ముందే మాట్లాడుకోవలెను. పాత గుండును మెకానిక్‌కు వదలక సంఘానికి తెచ్చి, తూకానికి అమ్మిన సొమ్ముకు రసీదు వ్రాసి జమకట్టవలెను.