తడి రాయికి తడి రాయి అతకాలంటే



మన హాస్టల్ స్నానాల గదుల దగ్గర పైపు కారినప్పుడల్లా వాచ్‌మన్ అన్న రెండు రంగుల ముద్దలు కలిపి, పిసికి, పైపు చుట్టూ అదిమేవాడు. మా బ్యాచ్ వాళ్లం అది ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. నీళ్లు కారే చోట ఆ ముద్ద ఎలా పట్టుకుంటుందని మాత్రం ఎవరమూ అడగలేదు. పీజీకి వచ్చి, మా చేతుల్లో ఒక చేప చచ్చిపోయాక ఆ ప్రశ్న ఎదురైంది.

విశాఖలో మేము ముగ్గురం కలిసి సముద్ర జీవశాస్త్రం చదువుతున్నాం. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ల్యాబ్‌లో ఉన్న మూడడుగుల ఉప్పునీటి అక్వేరియం మా బాధ్యత. సుమారు 190 లీటర్ల నీళ్లు, లీటరుకు 35 గ్రాముల లవణాలు. అందులో రాళ్లు పేర్చేది అందం కోసమే అనుకోకండి. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ రాళ్ల చిల్లుల్లోనే కాపురం ఉంటుంది. రాయి ఎండితే బ్యాక్టీరియా చస్తుంది. కాబట్టి ఒకసారి ట్యాంకులో కుదురుకున్న రాళ్లను తడిగా ఉండగానే అతకాలి. చిక్కంతా ఇక్కడే.

(మావి మార్కెట్లో కొన్న గుల్ల సున్నపురాళ్లు. సముద్రం నుంచి పగడపు రాయి ఏరుకొచ్చి పెట్టడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పగడాలను 2001లో చేర్చారు.)

రెండు రాళ్ల మీద మూడోదాన్ని అడ్డంగా పెట్టి కమానులా కట్టాం. అడ్డరాయి ఐదు కిలోలు. నీళ్లలోనే సందుల్లో ఎపాక్సీ ముద్ద అదిమాం. రెండు వారాలు కదల్లేదు. నీళ్లు మార్చే రోజు మట్టం సగానికి దించగానే కమాను కూలింది. దాని కింద దాక్కునే రెండు క్లౌన్ చేపల్లో ఒకటి నలిగిపోయింది. అడుగు అద్దం పగలకపోవడం మా అదృష్టం. పగిలి ఉంటే, దాని ఖరీదు కట్టడానికి మా స్కాలర్‌షిప్‌లు చాలేవి కావు.

రెండు వారాలు నిలిచింది ఆ రోజే ఎందుకు పడింది? ఇది మీ తొమ్మిదో తరగతి పాఠమే. ఆర్కిమెడిస్ సూత్రం. గట్టి సున్నపురాయి సాంద్రత సుమారు 2.7. ఐదు కిలోల రాయి దాదాపు 1.85 లీటర్ల నీటిని తొలగిస్తుంది. ఉప్పునీరు లీటరు 1.025 కిలోలు కనుక రాయి బరువులో 1.9 కిలోలు తగ్గి, నీళ్లలో 3.1 కిలోలే తూగుతుంది. నీళ్లు దించగానే ఐదు కిలోలూ అతుకు మీద పడతాయి. పైగా గుల్లల్లో నిలిచిన నీటి బరువు అదనం. మేము అతుకును నీళ్లలో మాత్రమే పరీక్షించాం. పరీక్షలో సులువు ప్రశ్నలే చదివి వెళ్లినట్టు!

విరిగిన చోట చూస్తే ఇంకో సంగతి తెలిసింది. ముద్ద చక్కగా గట్టిపడింది, కానీ రాయిని పట్టలేదు. పళ్లెంలో నుంచి ఇడ్లీ ఊడినట్టు ఊడొచ్చింది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పాం. మా నాన్న తాపీ మేస్త్రి.

“రాయి తుడిచారా?” అన్నాడు.

“నీళ్లలో ఉండే రాయిని తుడవడమేంటి నాన్నా?”

“ఇటుకని తడిపే కదరా కడతాం. అలాగని నీళ్లు కారే ఇటుక మీద మాలు వేస్తే జారిపోద్ది. తడి లోపలుండాలి, పైన ఉండకూడదు. ఇంకోటి, రాయి రాయి మీద కూర్చోవాలి. జిగురు మీద కూర్చోబెడితే ఎన్నాళ్లుంటది?”

మా నాన్న చదివింది మూడో తరగతి. ఆయన చెప్పిన మొదటి మాటకు సివిల్ ఇంజనీరింగ్‌లో ‘శాచురేటెడ్ సర్ఫేస్ డ్రై’ అనే పెద్ద పేరుంది.

దీని వెనుక ఉన్న రసాయనం ఇది. సున్నపురాయికి నీరంటే ఇష్టం. నీటి అణువులు దాని పైభాగాన్ని గట్టిగా అంటిపెట్టుకుని పలుచని పొరగా ఉంటాయి. జిగురు రాయిని తాకాలంటే ముందు ఆ పొరను తోసేయాలి. చెక్కకు వాడే తెల్ల జిగురులోంచి నీరు ఆరిపోతేనే అది గట్టిపడుతుంది, నీళ్లలో దాని పని కాదు. అద్దాలకు వాడే సిలికాన్‌కు పొడి తలం కావాలి. ఎపాక్సీ సంగతి వేరు. దానిలో రెసిన్, హార్డెనర్ ఒకదానితో ఒకటి చర్య జరిపి గట్టిపడతాయి, ఆరాల్సిన పని లేదు. అందుకే కారే పైపు మీద కూడా బిగుస్తుంది. అయితే తడి రాయిని అది సరిగా అంటుకోదు, గుంటల్లోకి దిగి కొక్కెంలా పట్టుకోవడమే దాని బలం. మా రాయి మీద నాచు జిగట ఉండటంతో ఆ పట్టు కూడా దొరకలేదు.

ఫెవిక్విక్ వంటి వాటిలో ఉండే సయనోఎక్రిలేట్ దీనికి తిరగబడి ఉంటుంది. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి కోసం పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతూ దీన్ని తయారుచేసింది. ప్రతిదానికీ అతుక్కుంటోందని విసుగుతో పక్కన పెట్టింది. 1958లో గానీ అది జిగురుగా అంగడికి రాలేదు. దీన్ని గట్టిపరిచేదే తేమ. నీరు మరీ ఎక్కువైతే పైన తెల్లని తోలు కట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది. రాయిని అదిమి, కాస్త అటూ ఇటూ తిప్పితే ఆ తోలు చిరిగి లోపలి జిగురు రాయిని తాకుతుంది. పట్టు గట్టిదే గానీ పెళుసు, దెబ్బకు విరుగుతుంది.

నీళ్లలో అతికే విద్యలో మనకంటే ముందున్నది మన తీరపు రాళ్ల మీద కనిపించే ఆకుపచ్చ ఆల్చిప్ప. అది తన పాదంతో రాతిని తడిమి, కింద చిన్న గూడు చేసి, అందులోకి ప్రొటీన్ ద్రవాన్ని వదిలి దారంగా మారుస్తుంది. ఇలాంటి ఆల్చిప్పల ప్రొటీన్‌లో డోపా అనే అమైనో ఆమ్లం ఉందని హెర్బర్ట్ వెయిట్ 1981లో చూపించాడు. నీటి పొరను తప్పించి రాతి ఖనిజాన్ని పట్టుకోవడంలో డోపాది పెద్ద పాత్ర.

రెండోసారి మేము చేసింది చెబుతాం. ప్లగ్గులన్నీ పీకి రాళ్లు బయటికి తీశాం. మూడు చోట్ల ఆనుకునేదాకా తిప్పి తిప్పి పేర్చాం, జిగురు లేకుండానే నిలబడాలి. దీనికే ఒక మధ్యాహ్నం పట్టింది. అతికే చోటును టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో పైతడి అద్దాం. మిగతా రాయికి ఉప్పునీటిలో ముంచిన గోనెగుడ్డ చుట్టాం. రెండు రాళ్లకూ రంధ్రం చేసి ఎక్రిలిక్ కడ్డీ దించాం. ఇనుము తుప్పు పడుతుంది, రాగి, ఇత్తడి అయితే రొయ్యలకు, పగడాలకు విషం. తర్వాత రాళ్ల రెండు ముఖాలకూ సయనోఎక్రిలేట్ జెల్ పూసి, మధ్యలో అక్వేరియం కోసమే అమ్మే ఎపాక్సీ ముద్ద పెట్టి అదిమాం. జెల్ రాతిని పడుతుంది, ముద్ద సందు నింపుతుంది.

చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. నూలు తొడుగులు వద్దు, సయనోఎక్రిలేట్ నూలు మీద పడితే ఒక్కసారిగా వేడెక్కి కాలుస్తుంది. మా నాన్న సిమెంటు వాడమన్నాడు. అదీ నీళ్లలో బిగిసేదే. కాకపోతే దానిలోంచి సున్నం ఊరి నీటి క్షారత పెరుగుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 ప్రాంతంలో ఉంటుంది. కొత్త సిమెంటు చుట్టూ అది 12 దాటుతుంది. వారాల తరబడి మంచినీళ్లలో నానబెట్టాకే అలాంటి రాయిని చేపల దగ్గరికి పంపాలి. అప్పటికి మా బ్యాక్టీరియా మిగలదు.

బిగిశాక కమానును నీళ్లలో దించే ముందు గాలిలోనే అడ్డరాయిని పట్టుకుని పైకెత్తి చూశాం. కింది రాళ్లు రెండూ దానితోపాటే లేచాయి. మిగిలిన ఒక్క క్లౌన్ చేప రెండు రోజులు దాని దగ్గరికి పోలేదు. మూడో రోజు పొద్దున మేము వెళ్లేసరికి కమాను కిందే ఉంది.