పసిపిల్లలకు ఆటబొమ్మలు: కొనే ముందు తెలుసుకోవలసినవి

టీకాల రోజున మన ఆసుపత్రికి వచ్చే తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బిడ్డకు ఏ టానిక్ పోయాలి, ఏ పాలపొడి మంచిది అన్నవి ముందు వస్తాయి. ఆ తరువాత సంచి సర్దుకుని లేవబోతూ, “మా బాబుకు తెలివి పెరగాలంటే ఏ బొమ్మ కొనమంటారు సిస్టర్?” అని అడుగుతారు. మొదటి రెండు ప్రశ్నలకన్నా ఈ మూడవ ప్రశ్న మాకు ఎక్కువ సంతోషం కలిగిస్తుంది. వరండాలో నిలబడి రెండు మాటల్లో చెప్పగలిగిన జవాబు కాదు గనుక దానిని ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాము.

తెలివి పెంచుతాయని అట్టపెట్టె మీద అచ్చువేసిన బొమ్మలు దుకాణాల్లో చాలా ఉన్నాయి. మీట నొక్కితే పాడేవి, అక్షరాలు చెప్పేవి, దీపాలు వెలిగేవి. బిడ్డ వాటిని చూసి ఒక పూట ఆశ్చర్యపడుతుంది, మరునాటికి పక్కన పడేస్తుంది. ఎందుకంటే అక్కడ పనంతా బొమ్మే చేస్తుంది, బిడ్డకు చేయడానికి ఏమీ మిగలదు. బిడ్డ చేతికి పని కల్పించేదే మంచి బొమ్మ. దానిని పట్టుకోవాలి, విసరాలి, ఒకదానిలో ఒకటి పెట్టాలి, కూల్చాలి, మళ్ళీ కట్టాలి. అమ్మో నానమ్మో పక్కన కూర్చుని ఆ పని గురించి మాట్లాడుతూ ఉంటే బిడ్డకు చేతిపనితోపాటు భాష కూడా వస్తుంది.

వయసును బట్టి ఆట

మొదటి మూడు నెలల్లో బిడ్డకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ తల్లి ముఖమే. జానెడు, జానెడున్నర దూరంలో ఉన్నది ఆ వయసులో బాగా కనబడుతుంది. ఎర్రని గుడ్డను మెల్లగా అటూ ఇటూ జరిపితే కళ్ళు దాని వెంట తిరుగుతాయి. నాలుగో నెల దాటాక చేయి చాచి అందుకోవడం మొదలవుతుంది. ఇక ప్రతిదీ నోట్లోకే. దీనికి పెద్దవాళ్ళు చేతులమీద కొడతారు గాని, అది చెడ్డ అలవాటు కాదు. ఆ వయసు బిడ్డ వస్తువును పరీక్షించేది నోటితోనే. కాబట్టి నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేనిదాన్ని చేతికివ్వడం మన బాధ్యత.

ఆరు నెలలకు గిలక్కాయను ఒక చేతిలోనుండి ఇంకో చేతిలోకి మార్చుకుంటుంది. రెండు స్టీలు చెంచాలు ఇస్తే వాటిని మోగించి ఇల్లంతా దద్దరిల్లజేస్తుంది. కాస్త ఓర్చుకోండి. తొమ్మిది నెలల వయసులో బంతిని గుడ్డ కింద దాచి చూడండి. గుడ్డ లాగి వెతికిందంటే, కంటికి కనబడని వస్తువు కూడా ఉంటుందని బిడ్డ గ్రహించిందన్నమాట. ఏడాది నిండేసరికి గిన్నెలో వస్తువులు వేయడం, బోర్లించడం, మళ్ళీ వేయడం గంటల తరబడి సాగుతుంది. ఏడాదిన్నరకు రెండు మూడు చెక్కదిమ్మలు ఒకదానిమీద ఒకటి నిలబెడుతుంది. రెండేళ్ళకు సుమారు ఆరు నిలబెడుతుంది. అప్పటికే బొమ్మకు అన్నం తినిపించడం, జోకొట్టడం మొదలవుతుంది. మన ఇళ్ళలో గుజ్జనగూళ్ళు, లక్కపిడతలు అని ఆడుకున్నది ఇదే. అమ్మాయిల ఆట అని మగపిల్లవాడి చేతిలోనుండి పిడతలు లాక్కోకండి. వంట చేసినట్టు, డాక్టరు సూది వేసినట్టు నటించే ఆటలోనే పిల్లలు వరుసగా మాట్లాడడం నేర్చుకుంటారు.

మూడేళ్ళ బిడ్డకు పలక, లావుపాటి సుద్దముక్క ఇవ్వవచ్చు. బలపం మాత్రం చూసి ఇవ్వండి. అదేపనిగా బలపం, మట్టి, గోడసున్నం తినే పిల్లల్లో రక్తహీనత ఉండవచ్చు. తిట్టడంతో ఆపక రక్తపరీక్ష చేయించండి.

బొమ్మవల్ల ఇంకొక మేలు కూడా ఉన్నది. అది తల్లికి బిడ్డ ఎదుగుదలను చూపిస్తుంది. ఆరు నెలలు దాటినా గిలక్కాయ శబ్దం వైపు తల తిప్పకపోయినా, చేయి చాచి బొమ్మను అందుకోకపోయినా ఆలస్యం చేయకుండా చూపించండి. ఏడాదిలోపే ఎప్పుడూ ఒకే చేతిని వాడుతూ రెండో చేతిని ముడుచుకుని ఉంచితే “వీడు ఎడమచేతి వాటం” అని సరిపెట్టుకోకండి. ఏడాదిన్నర అయినా కావలసిన బొమ్మను వేలితో చూపకపోవడం, పిలిస్తే పలకకపోవడం, ఆడించినా ఆటలో కలవకపోవడం కూడా చెప్పవలసిన సంగతులే. “మాటలు లేటు, వాళ్ళ నాన్నకూ అంతే” అంటూ రెండేళ్ళు గడిపేసి వచ్చే కుటుంబాలున్నాయి. వినికిడి లోపమైనా, కదలికల లోపమైనా ముందుగా తెలిస్తే చేయగలిగింది ఎక్కువ. జిల్లా ఆసుపత్రులలో ప్రభుత్వం నడిపే బాలల సత్వర చికిత్స కేంద్రాలలో కూడా ఈ పరీక్షలు చేస్తారు.

ఇంట్లో ఉన్నవే చాలా

ఖరీదైన బొమ్మ కొనలేకపోయామే అని బాధపడే తల్లిదండ్రులకు ఒక దూరదేశపు సంగతి చెప్పాలి. 1986-87లో కరిబియన్ ద్వీపమైన జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేదవాడలలో డాక్టర్ సాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఒక అధ్యయనం ప్రారంభించింది. పోషణ లోపంతో ఎత్తు పెరగని 129 మంది పిల్లలను ఎంచుకున్నారు. అందరూ 9 నుండి 24 నెలలవారే. వారిలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్త వారానికొకసారి వెళ్ళి, గంటసేపు తల్లితో బిడ్డను ఆడించేది. ఇలా రెండేళ్ళు చేశారు. వాడినవి దుకాణపు బొమ్మలు కావు, పారవేసే డబ్బాలతో, అట్టలతో చేసినవి. కొన్నింటిని ఆ ఇంట్లో ఉంచి, మరుసటి వారం వాటిని తీసుకొని వేరేవి ఇచ్చేవారు. ఆ పిల్లలు పెద్దవారై ఉద్యోగాలు చేసుకుంటున్నప్పుడు మళ్ళీ కలిసి చూశారు. 2014లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. చిన్నప్పుడు అలా ఆడుకున్నవారి సంపాదన, అటువంటి పరిస్థితిలోనే ఉండి ఆ ఆటలు అందనివారికన్నా 25 శాతం ఎక్కువగా ఉన్నది. అక్కడ బిడ్డకు దొరికింది అట్టబొమ్మ, దానితోపాటు ఆడించడం నేర్చుకున్న తల్లి.

మన ఇంట్లో ఏమున్నాయో చూడండి. ఒకదానిలో ఒకటి పట్టే గిన్నెలు, గ్లాసులు, మూతలు ఉంటాయి. పాత చీర ముక్కలు కూరి గట్టిగా కుట్టిన గుడ్డబంతి, గుడ్డబొమ్మ చేయవచ్చు. ఖాళీ అగ్గిపెట్టెలను దారంతో కలిపితే రైలుబండి అవుతుంది (పెద్దవారి ఎదుట మాత్రమే లాగించండి). పాత క్యాలెండర్లలోని ఆవు, కోడి, పడవ బొమ్మలను కత్తిరించి పెళ్ళి శుభలేఖల అట్టలమీద అంటిస్తే బొమ్మల పుస్తకం తయారవుతుంది. తాతగారు దానిని ఒళ్ళో పెట్టుకుని “ఆవు ఏమంటుంది?” అని అడిగితే చాలు. అన్నీ ఒకేసారి ముందు పోయవద్దు. మూడు నాలుగు బయట ఉంచి, మిగిలినవి దాచి, వారం తరువాత మార్చండి. దాచినవి తిరిగి వచ్చేసరికి కొత్తగా ఉంటాయి.

సెల్‌ఫోను గురించి కొద్దిగా చెబుతాము. రెండేళ్ళలోపు బిడ్డకు తెర అవసరం లేదు. దూరాన ఉన్న తండ్రితో వీడియో కాల్ మాట్లాడించడం వేరు. రెండు నుండి నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

కొనేటప్పుడు

పండుగకు, పుట్టినరోజుకు, మేనమామ వచ్చినప్పుడు బొమ్మలు కొనక తప్పదు. 2021 జనవరి 1 నుండి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. పెట్టెమీద ఆ గుర్తు, లైసెన్సు నంబరు, ఏ వయసువారికో చూడండి. “3 ఏళ్ళలోపు వారికి కాదు” అని ఉంటే అది మీ బిడ్డ తెలివిని తక్కువచేసిన మాట కాదు. అందులో ఊడివచ్చే చిన్న భాగాలు ఉన్నాయని హెచ్చరిక.

నమోదు చేసుకున్న హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకు ఈ నియమం నుండి మినహాయింపు ఉంది గనుక వాటిమీద గుర్తు ఉండకపోవచ్చు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కతో నునుపు చేసే బొమ్మలు మనకు తెలిసినవే. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. పసుపు, నీలిమందు, జాపరా గింజల వంటి సహజ రంగులను అక్కడ తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మొనలు లేని, సహజ రంగుల గిలక్కాయ, గుండ్రని బండి దొరికితే కొనవచ్చు. కొండపల్లి బొమ్మలు కూడా అందమైనవే. అయితే తెల్లపొణికి చెక్కతో ముక్కలు అతికి రంగులు వేసిన ఆ బొమ్మలు కొలువులో పెట్టి చూసుకోవడానికి. పళ్ళు వచ్చే బిడ్డ నోటికి కాదు.

రంగు విషయంలో ఎందుకింత పట్టుదల అంటారేమో. కొన్ని రంగులలో సీసం ఉంటుంది. అది కొంచెం కొంచెంగా కడుపులోకి పోయినా మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. ఇళ్ళకు వేసే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నియమం వచ్చింది. అంతకు ముందరి పాత బొమ్మ, రంగు పెచ్చులుగా ఊడుతున్న బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా బిడ్డకు ఇవ్వవద్దు.

బొమ్మకున్న తాడు జానకన్నా పొడవుంటే కత్తిరించండి, మెడకు చుట్టుకుంటుంది. ఇక లోపల కూర్చోబెట్టే చక్రాల వాకర్ నడక నేర్పదు, మెట్లమీదకూ పొయ్యి దగ్గరకూ తీసుకుపోతుంది. కెనడాలో 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించారు. నిలబడి తోసుకుంటూ నడిచే మన పాత మూడుచక్రాల కర్రబండి దానికన్నా మేలు.

నోటికి పోయేవి

పసిబిడ్డ శ్వాసనాళం సుమారు ఆ బిడ్డ చిటికెన వేలంత ఉంటుంది. మూడేళ్ళలోపు బిడ్డ ఉన్న ఇంట్లో బొమ్మగాని, దాని ముక్కగాని 3.2 సెంటీమీటర్లకన్నా సన్నగా ఉండకూడదు. బంతి అయితే ఇంకా పెద్దది కావాలి. టేబుల్ టెన్నిస్ బంతి కూడా ఆ వయసుకు చిన్నదే. గోళీలు, పూసలు, చింతపిక్కలు, గవ్వలు పెద్దపిల్లలకు మంచి ఆటవస్తువులు. వామనగుంటలు ఆడిన తరువాత లెక్కపెట్టి డబ్బాలో పెట్టి మూత బిగించడం అక్కకు నేర్పండి. గురివింద గింజలు అసలే వద్దు, నమిలితే విషం. పగిలిన బుడగ ముక్క గొంతుకు అంటుకుంటే ఊపిరి ఆగిపోతుంది. వేడుక అయిన వెంటనే బుడగ ముక్కలు ఏరివేయండి. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే లోపల పేగులను మధ్యన నొక్కిపెట్టి రంధ్రం చేస్తాయి.

అన్నిటికన్నా మేము భయపడేది బిళ్ళవంటి బటన్ బ్యాటరీకి. పాడే గ్రీటింగు కార్డులో, క్రిస్మస్ దీపాలలో, వెలిగే బొమ్మలలో, చిన్న రిమోట్‌లో అది ఉంటుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడి తడివల్ల దానిలోని విద్యుత్తు ప్రవహించి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కండరాన్ని కాల్చివేయగలదు. పాత బ్యాటరీ అయినా అంతే. మొదట్లో బిడ్డ మామూలుగానే ఉండవచ్చు, లేదా చొంగ కార్చడం, తినకపోవడం, దగ్గు కనబడవచ్చు. బ్యాటరీ మింగిందని అనుమానం వచ్చినా సరే, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే రండి. వాంతి చేయించవద్దు, అరటిపండు మింగించవద్దు. ఏడాది దాటి, మింగగలిగిన బిడ్డ అయి, ఇంట్లో తేనె ఉంటే దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకుండా. ఏడాదిలోపు వారికి తేనె వద్దు. తేనెకోసం వెతుకుతూ ఆలస్యం చేయవద్దు. ముక్కులోనో చెవిలోనో పెట్టుకున్నా అత్యవసరమే, చుక్కల మందు వేయకండి. బ్యాటరీతో నడిచే బొమ్మ కొంటే దాని మూత స్క్రూతో బిగించినదై ఉండాలి.

గొంతులో ఏదైనా అడ్డుపడి బిడ్డ గట్టిగా దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి. శబ్దం రాక, ముఖం నీలమవుతుంటే ఏడాదిలోపు బిడ్డను ముంజేతిమీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి మొదలుతో 5 సార్లు చరచండి. తరువాత వెల్లకిలా తిప్పి రొమ్ముల మధ్య ఎముకమీద 5 సార్లు నొక్కండి. వస్తువు బయటపడేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఏడాది దాటినవారికి వీపుమీద 5 చరుపులు, తరువాత వెనుకనుండి పట్టుకుని బొడ్డుకు కొద్దిగా పైన 5 సార్లు లోపలికీ పైకీ నొక్కాలి. నోట్లో వస్తువు కనబడితేనే తీయండి. కనబడకుండా వేలు పెట్టి వెదికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఇది చేస్తుండగానే మరొకరు 108కి ఫోను చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే నేలమీద పడుకోబెట్టి గుండెమర్దన మొదలుపెట్టాలి, ఎలా చేయాలో 108 వారు ఫోనులోనే చెబుతారు.

ఉక్కిరిబిక్కిరి తగ్గి బిడ్డ ఆడుకుంటున్నా ఒకసారి చూపించండి. పల్లీగింజో ప్లాస్టిక్ ముక్కో ఊపిరితిత్తిలోకి జారితే మొదటి దగ్గు తగ్గి, కొన్ని రోజుల తరువాత జ్వరం, ఆయాసం వస్తాయి. జలుబనుకుని సిరప్‌లు మార్చి మార్చి వాడుతూ వారాలు గడుస్తాయి. అందుకే ఎడతెగని దగ్గుతో బిడ్డను తెచ్చినప్పుడు, పది రోజుల క్రితం ఆడుకుంటూ ఒక్కసారిగా పొలమారి ఉంటే, అది చిన్న విషయం అనిపించినా డాక్టరుగారికి ముందుగా అదే చెప్పండి.